రసీదు తీసుకున్న రాముడు

గోల్కొండ కోటలో బాలాహిసార్‌కు మెట్లెక్కే దారిలో గైడ్లందరూ తప్పకుండా ఆగే గది ఒకటుంది. లోపల అడుగుపెట్టగానే ఏమీ కనిపించదు. పైకప్పులో ఉన్న కంతలోంచి పడే వెలుతురే దిక్కు. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక గోడ మీద చెక్కిన బొమ్మలు ఒక్కొక్కటే ఆనుతాయి. రాముడు, లక్ష్మణుడు, ఆంజనేయుడు. ఇది రామదాసు బందీఖానా అనీ, ఆ బొమ్మలు ఆయన చేత్తో చెక్కినవేననీ చెబుతారు. కోట చూద్దామని వచ్చినవాళ్లు కూడా అక్కడ చెప్పులు వదిలి దణ్ణం పెట్టుకుంటారు.

ఆ దణ్ణం పెట్టేవాళ్లలో చాలామందికి కథ తెలుసు. 1964లో చిత్తూరు నాగయ్య సినిమాగా చూసినవాళ్లున్నారు, 2006లో నాగార్జున సినిమాగా చూసినవాళ్లున్నారు. హరికథల్లోనో బుర్రకథల్లోనో విన్న పాతతరం ఉంది. అందరికీ గుర్తుండేది ఒకటే: భక్తుడు కష్టపడ్డాడు, దేవుడు వచ్చి విడిపించాడు.

అయితే ఆ కథలో ఓ చిక్కుంది. జైలుకెళ్లిన భక్తుడు ఏ తప్పూ చేయనివాడు కాదు. సర్కారు సొమ్ము ఖర్చుపెట్టాడు. పని దేవుడిదే, డబ్బు మాత్రం దేవుడిది కాదు. దైవాన్ని నమ్ముకుని నడిచే మనిషి దారి తప్పితే ఆ నమ్మకం ఏమవుతుంది, ఆ తప్పు ఏమవుతుంది అన్న ప్రశ్నకు తెలుగు నేల మీద ఇంతకన్నా నిక్కచ్చి ఉదాహరణ దొరకడం కష్టం.

తాటిపండు నుంచి ఆరు లక్షల దాకా

రామదాసుగా పేరుపడ్డ కంచెర్ల గోపన్నది ఇప్పటి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి. 1620 ప్రాంతంలో పుట్టాడని అంచనా. లింగన్న మంత్రి, కామాంబ తల్లిదండ్రులు. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా (తానీషా) కొలువులో చక్రం తిప్పిన అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలని ప్రతీతి. వాళ్ల ప్రాపకంతోనే ఆయన పాల్వంచ పరగణాకు తహశీల్దారు అయ్యాడంటారు. శిస్తు వసూలు చేసి గోల్కొండ ఖజానాకు చేర్చడం ఆ ఉద్యోగం.

భద్రాచలం ఆ పరగణాలోనే ఉంది. అప్పటికి అక్కడ పెద్ద గుడి లేదు. పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీకి పుట్టలో దొరికిన విగ్రహాలకు ఆమే పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టి కొలుచుకునేదని స్థలపురాణం. గోదావరి ఒడ్డున ఎండకూ వానకూ ఉన్న రాముణ్ణి చూసి గోపన్న మనసు కరిగింది. గుడి కట్టాలనుకున్నాడు. చందాలు అడిగాడు. పంటలు చేతికొచ్చాక ఇస్తామనీ, అందాకా వసూలైన శిస్తు వాడితే తర్వాత సర్దుబాటు చేస్తామనీ ఊళ్లవాళ్లు భరోసా ఇచ్చారని జనం చెప్పుకునే కథ. సర్కారు అనుమతి రాకముందే పని మొదలైంది. గుడి లేచింది, ప్రాకారం లేచింది, దేవుళ్లకు నగలు కూడా తయారయ్యాయి. సీతమ్మకు చింతాకు పతకం, రాముడికి కలికితురాయి, భరత శత్రుఘ్న లక్ష్మణులకు ఎవరి ఆభరణం వారికి.

ఖజానాకు చేరాల్సిన లెక్క మాత్రం చేరలేదు. బాకీ ఆరు లక్షల మాడలని కథనం. గోపన్నను గోల్కొండకు లాక్కెళ్లి బంధించారు. జైల్లో పన్నెండేళ్లున్నాడని సంప్రదాయం చెబుతుంది. అబుల్ హసన్ ఏలుబడి మొత్తం కలిపి 15 ఏళ్లే. ఆ లెక్కన గోపన్న ఆ ప్రభువు పాలనను దాదాపు మొత్తంగా ఆ చీకటి గదిలోంచే చూశాడన్నమాట. మేనమామలు అదే కోటలో మంత్రులుగా ఉండగానే ఇదంతా జరిగింది.

నిష్ఠూరమూ నమ్మకమే

ఈ పన్నెండేళ్లలో గోపన్న ఏం చేశాడన్నదే అసలు సంగతి. 'అంతా మన మంచికే' అనుకుని ఊరుకోలేదు. రాముడితో తగువు పెట్టుకున్నాడు.

రామదాసు కీర్తనల్లో జనానికి బాగా నోటికొచ్చినవి మెచ్చుకోళ్లు కావు, నిలదీతలు. ఒకచోట చేయించిన నగలన్నీ వరసగా చదువుతాడు. ఎవరికి ఏ నగ, దానికి ఎన్ని వేల వరహాలు పట్టాయి అని తహశీల్దారు జమాబందీ చదివినట్టే ఒక్కో పద్దూ ఒప్పజెబుతాడు. మధ్యలో దశరథ మహారాజునూ, పిల్లనిచ్చిన జనక మహారాజునూ కూడా ఆ లెక్కలోకి లాగుతాడు. అంతలోనే నాలిక కరుచుకుని, దెబ్బలు ఓర్చుకోలేక తిట్టాను, ఏమీ అనుకోకు అని వేడుకుంటాడు. ఇంకో కీర్తనలో రాముడితో మాట్లాడి లాభం లేదనుకున్నాడో ఏమో, సీతమ్మ దగ్గర మొర పెట్టుకుంటాడు. అయ్యగారు ప్రసన్నంగా ఉన్న వేళ చూసి నా మాట ఓ చెవిన వెయ్యమ్మా అని.

దీన్ని నిందాస్తుతి అంటారు. మన భక్తి సాహిత్యంలో దీనికి పెద్ద పీటే ఉంది. బమ్మెర పోతన గజేంద్రుడు మొసలి నోట చిక్కి సొమ్మసిల్లే వేళ, దీనుల పాలిట ఉంటాడని అందరూ చెప్పే ఆ దేవుడు అసలు ఉన్నాడో లేడో అని సందేహపడతాడు. ఆ సందేహం తర్వాతే శరణాగతి వస్తుంది. చిన్నపిల్లలకు ఆ పద్యాలు నేర్పే తల్లులెవరూ ఆ సందేహపు పద్యాన్ని దాటవేయరు. రామదాసు తర్వాత వందేళ్లకు తిరువయ్యారులో తెలుగు కీర్తనలు కట్టిన త్యాగరాజు (1767–1847) కూడా రాముణ్ణి ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసినవాడే. రామదాసును తన ముందువాడిగా తలుచుకుని తన రచనల్లో నమస్కరించాడు.

దేవుడి మీద అలగడం ఎవరికి సాధ్యం? ఆయన వింటున్నాడని గట్టిగా నమ్మినవాడికే. నమ్మకం పోయినవాడు తిట్టడు, మాట్లాడడం మానేస్తాడు. రామదాసు మానలేదు.

వైష్ణవ సంప్రదాయంలో శరణాగతికి ఆరు అంగాలు చెబుతారు. భగవంతుడికి అనుకూలంగా నడుచుకుంటాననే సంకల్పం, ప్రతికూలమైనది వదిలెయ్యడం, ఆయన తప్పక రక్షిస్తాడన్న మహావిశ్వాసం, రక్షకుడిగా ఆయన్నే కోరుకోవడం, తనను తాను అప్పజెప్పుకోవడం, తన చేతకానితనాన్ని ఒప్పుకోవడం. ఈ ఆరింటిలో ఎక్కడా ప్రశ్న అడగకూడదని లేదు. కష్టం రాదన్న హామీ కూడా లేదు. మహావిశ్వాసం అన్నది రక్షణ గురించే. ఆ రక్షణ ఎప్పుడు, ఏ రూపంలో వస్తుందన్నది అందులో లేదు.

ఈ విషయం మీద శ్రీవైష్ణవుల్లోనే పెద్ద చర్చ నడిచింది. వేదాంత దేశికుల పరంపరది ఒక వాదం. కోతిపిల్ల తల్లి పొట్టను కరుచుకుని పట్టుకున్నట్టు భక్తుడి వైపు నుంచి కూడా ఓ పట్టు ఉండాలంటారు వాళ్లు. పిళ్లై లోకాచార్యుల పరంపరది ఇంకో వాదం. పిల్లి తన కూనను నోట కరుచుకుని తీసుకెళ్తుంది కదా, కూన చేయాల్సిందేముంది అంటారు వీళ్లు. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం అని వీటికి పేర్లు. ఎంత వాదించుకున్నా, తప్పు చేసినా ఫరవాలేదు, భారం దేవుడిదే అని మాత్రం రెండు పక్షాలూ అనలేదు.

లెక్క తీరిన తీరు

కథ ముగింపు అందరికీ తెలిసిందే. ఓ రాత్రి రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు యువకులు తానీషా అంతఃపురంలో ప్రత్యక్షమవుతారు. గోపన్న నౌకర్లమని చెప్పి ఆరు లక్షల మాడలు కుప్ప పోస్తారు. ఆ తర్వాత చేసిన పని చాలామంది దృష్టికి రాదు. పైకం చెల్లించినట్టు రసీదు అడిగి తీసుకుంటారు. ఆ కాగితం తీసుకెళ్లి జైల్లో నిద్రపోతున్న గోపన్న తలగడ కింద పెడతారు. తెల్లారాక తానీషా లెక్క చూసుకుని, వచ్చినవాళ్లెవరో గ్రహించి, గోపన్న కాళ్ల మీద పడతాడు. ఆ మాడల్లో రెండు భద్రాచలం గుడిలో ఇప్పటికీ ఉన్నాయని చెబుతారు.

దీన్ని చరిత్ర అనుకునేవాళ్లున్నారు, ఐతిహ్యం అనుకునేవాళ్లున్నారు. ఎలా అనుకున్నా ఒక సంగతి గమనించాలి. ఈ కథ అల్లిన జనం రాముడి చేత జైలు గోడలు కూలగొట్టించలేదు. తానీషాను శపింపజేయలేదు. శిస్తు మాఫీ చేయించలేదు. ఖజానాకు రావాల్సింది పైసాతో సహా కట్టించారు. సాక్షాత్తూ దేవుడే దిగివచ్చినా బాకీ బాకీయే, రసీదు రసీదే. గోపన్న ఉద్దేశం మంచిదన్న మాట ఎంత నిజమో, ఆ సొమ్ము ఆయనది కాదన్న మాట కూడా అంతే నిజమని ఈ కథకు తెలుసు.

ఇవాళ ఈ పట్టింపు మరీ అవసరం. వ్యాపారంలో ఇతరుల డబ్బు ముంచినవాళ్లూ, ఇంట్లోవాళ్లకు చెప్పకుండా ఆస్తి తాకట్టు పెట్టినవాళ్లూ 'ఇది దేవుడు చూపించిన దారి' అనేసి చేతులు దులుపుకోవడం కొత్తేమీ కాదు. గోపన్న కథ ఆ వెసులుబాటు ఇవ్వదు. ఆయన జైల్లో రాముణ్ణి అడిగింది నేను చేసింది తప్పు కాదని తీర్పు చెప్పమని కాదు, ఈ బాకీ తీర్చే దారి చూపించమని.

పన్నెండేళ్లు ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు కథకులు వెతికిన జవాబు మరొకటి. పూర్వజన్మలో గోపన్న ఓ రామచిలుకను పంజరంలో బంధించాడనీ, ఆ కర్మ తీరేదాకా రాముడు కూడా ఆగాడనీ అంటారు. తర్కానికి ఇది నిలుస్తుందా లేదా అన్నది వేరే విషయం. ఆలస్యానికి కారణం దేవుడి నిర్దయ కాదని చెప్పాలన్న ఆరాటం ఇందులో కనిపిస్తుంది. ఆ ఆరాటం ఇవాళ్టికీ ఉంది. ఆసుపత్రి వరండాల్లో ఏ జన్మలో ఏ పాపం చేశానో అని జనం అనుకునేది అందుకే.

జైలరు కథ

ఈ కథలో తానీషాను అందరూ ఓ పాత్రగానే చూస్తారు. నిజానికి దైవాన్ని నమ్ముకుని మలుపులన్నీ చవిచూసిన మనిషి ఆయనే.

అబుల్ హసన్‌కు కుతుబ్ షాహీ వంశంతో చుట్టరికం ఉన్నా, యవ్వనంలో ఎక్కువ కాలం గడిపింది హైదరాబాదులోని సూఫీ గురువు షా రాజు ఖానఖాలో (ఆశ్రమంలో), ఫకీరు జీవితంలో. తానా షా (తానీషా) అన్న పేరు కూడా ఆ గురువు పెట్టిందేనని చెబుతారు. సుల్తాన్ అబ్దుల్లా కుతుబ్ షా మూడో కూతురికి వేరే వరుడు ఖాయమై, పెళ్లి ఏర్పాట్లు జరుగుతుండగా అంతఃపుర తగాదాల్లో అది చెడింది. ముహూర్తం దాటిపోకుండా వరుడు కావాల్సి వచ్చింది. ఖానఖా నుంచి అబుల్ హసన్‌ను పిలిపించి, పెళ్లిబట్టలు కట్టించి, సుల్తానుకు అల్లుణ్ణి చేశారు. 1672లో మామ పోయాక వారసత్వ గొడవల్లో సింహాసనం ఆయనకే దక్కింది. ఆ గొడవల్లో ఆయన పక్షాన నిలిచినవాళ్లలో మాదన్న ఒకడు. తర్వాత ఆయనే ప్రధాని అయ్యాడు.

ఎక్కిన వేగంతోనే దిగాల్సి వచ్చింది. 1686లో అక్కన్న, మాదన్నలు గోల్కొండ వీధిలో హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాది ఔరంగజేబు సైన్యం కోటను ఎనిమిది నెలలు ముట్టడించింది. బలంతో లొంగని కోట ద్రోహంతో లొంగింది. 1687 సెప్టెంబరులో ఓ రాత్రి లోపలివాళ్లే తలుపు తీశారు. మొఘల్ సర్దార్లు లోపలికి వచ్చేసరికి అబుల్ హసన్ వాళ్లను మర్యాదగా పలకరించి, తన భోజనం వేళయిందని చెప్పి భోజనానికి కూర్చున్నాడని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. ఈ సమయంలో అన్నం ఎలా దిగుతోందని వాళ్లు ఆశ్చర్యపోతే, పేదరికం ఇచ్చినవాడూ అనుకోని రాజ్యం ఇచ్చినవాడూ ఒక్కడే కదా, ఇప్పుడిది కూడా ఆయనిచ్చిందే అన్న అర్థం వచ్చేట్టు జవాబు చెప్పాడట. ఆ తర్వాత ఆయన మిగిలిన జీవితమంతా దౌలతాబాద్ కోటలో ఖైదీగానే గడిచింది. పదేళ్లకు పైగా.

భక్తుణ్ణి బంధించినవాడే చివరికి బందీ అయ్యాడని దీన్ని శిక్షగా చెప్పేవాళ్లున్నారు. ఖాఫీ ఖాన్ చిత్రించిన మనిషిలో మాత్రం శిక్ష పడ్డవాడి బెదురు లేదు. ఇస్లాంలో దీన్ని తవక్కుల్ అంటారు, అల్లా మీద భారం వేయడం. ఒంటెను కట్టేసి అల్లాను నమ్ముకోవాలా, కట్టకుండా నమ్ముకోవాలా అని ఒకరు అడిగితే, ముందు కట్టెయ్యి, తర్వాత నమ్ముకో అని ప్రవక్త చెప్పినట్టు హదీసు ఉంది. అబుల్ హసన్ కూడా ఎనిమిది నెలలు కోటను కాపాడే ప్రయత్నమంతా చేశాకే అలా నిబ్బరంగా భోజనానికి కూర్చోగలిగాడు.

శ్రీరామనవమికి గోల్కొండ నుంచి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ ఈ తానీషా పేరు మీదే చలామణీలో ఉంది. నిజాముల కాలంలోనూ ఆగలేదు. ఇప్పుడు ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వెళ్తున్నాయి. మిగతా చోట్ల తలంబ్రాలు పసుపుపచ్చగా ఉంటే భద్రాచలంలో గులాలు కలిపి ఎర్రగా ఉంటాయి. గులాలు కలపడం కూడా నవాబుల నుంచి వచ్చిందేనని అక్కడివాళ్లు చెబుతారు.

వదిలేసిన పని అక్కరకొచ్చిన వేళ

దారి తప్పామనుకున్న చోట దైవాన్ని నమ్ముకున్న మరో కథ ఒంగోలుది. కాలం వేరు, మతం వేరు.

అమెరికన్ బాప్టిస్టులు 1836లో తెలుగువాళ్ల కోసం ఓ మిషన్ మొదలుపెట్టి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సమావేశంలో ఈ మిషన్‌ను మూసేద్దామా అన్న చర్చ వచ్చింది. పటం మీద నెల్లూరు గుర్తుగా ఒంటరిగా ఉన్న చుక్కను చూపి ఒకరు 'ఒంటరి నక్షత్రం' అన్నారు. ఆ పేరు మీద శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ రాత్రికి రాత్రే ఓ కవిత రాశాడు. మూసివేత ఆగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు కలిసి ఒంగోలు పక్కన గుట్టెక్కి, ఈ ఊరికి ఓ మనిషిని పంపమని ప్రార్థించారు. ఆ గుట్టను ప్రేయర్ మీటింగ్ హిల్ అనే పిలుస్తున్నారు.

మనిషి రావడానికి పుష్కరం పట్టింది. జాన్ ఎవరెట్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. కుర్రతనంలో ఆయన మిన్నెసోటాలో భూముల సర్వే పని నేర్చుకున్నాడు. ఆ తర్వాత లాయరు కావాలని కాలేజీలో చేరాడు. అక్కడే మనసు మారి మతప్రచారకుడయ్యాడు. సర్వే గొలుసుల పని అక్కడితో ముగిసిందనే అనుకోవాలి.

1876లో ధాత కరువు వచ్చింది. జనం ఆకలితో ఊళ్లు వదిలి రోడ్డున పడ్డారు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. క్లౌ అందులో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. సర్వే తెలిసినవాడు కాబట్టి కొలతలు, మట్టి లెక్కలు తనే చూసుకోగలిగాడు. కులమతాలతో పని లేకుండా వచ్చినవాళ్లకు కూలి ఇచ్చాడు. కరువు పని నడిచినంత కాలం ఎవరు అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులవారీగా నీళ్లలో దిగి ఆ పని నడిపించారు. క్లౌ ఒడ్డునే ఉన్నాడు.

వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆ మార్పులో దైవం పాత్ర ఎంత, కరువు పాత్ర ఎంత, అంటరానితనం నుంచి బయటపడాలన్న పట్టుదల ఎంత అని చరిత్రకారులు ఇప్పటికీ తూకం వేస్తూనే ఉన్నారు. క్లౌ వైపు నుంచి చూస్తే, తను వదిలేసిన పనే అవసరానికి ఆదుకుంది. దాన్ని ఆయన దైవసంకల్పం అనుకున్నాడు. అలా అనుకున్నవాడు కూలి లెక్కల్ని దేవుడికి వదిలేయలేదు.

ప్రశ్నాపత్రం పట్టుకుని

ఈ నమ్మకం మనిషికి మేలు చేస్తుందా, కీడు చేస్తుందా? ఈ ప్రశ్నను మనస్తత్వ శాస్త్రవేత్తలు కొన్ని దశాబ్దాలుగా పరిశీలిస్తున్నారు. అమెరికాలోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెన్నెత్ పార్గమెంట్ బృందం 1988లో చర్చి సభ్యులను ప్రశ్నించి, కష్టం వచ్చినప్పుడు భక్తులు నడుచుకునే తీరు మూడు రకాలని తేల్చింది. మొదటివాళ్లు దేవుడు తెలివినిచ్చాడు, పరిష్కారం నేనే చూసుకోవాలి అంటారు. రెండోవాళ్లు భారమంతా ఆయన మీద వేసి ఎదురుచూస్తారు. మూడోవాళ్లు ఆయనా నేనూ కలిసి చేసే పని ఇది అంటారు. ఈ మూడో రకంవాళ్లలో ఆత్మవిశ్వాసం, సమర్థత ఎక్కువగా కనిపించాయి. అన్నీ ఆయనే చూసుకుంటాడని చేతులు కట్టుకున్నవాళ్లలో తక్కువగా కనిపించాయి.

కోతిపిల్ల, పిల్లికూన వాదం తెలిసినవాళ్లకు ఈ విభజన కొత్తగా అనిపించదు.

అదే పార్గమెంట్ బృందం 2001లో మరో అధ్యయనం ప్రచురించింది. ఆసుపత్రిలో చేరిన 55 ఏళ్లు పైబడిన 596 మందిని రెండేళ్లపాటు గమనించారు. దేవుడు నన్ను వదిలేశాడేమో, ఆయనకు నా మీద ప్రేమ లేదేమో అన్న మథనం ఉన్నవాళ్లలో ఆ రెండేళ్లలో మరణించే ప్రమాదం ఎక్కువగా కనిపించింది. జబ్బు తీవ్రత, మనోవ్యాకులత లాంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా, ఏ ప్రశ్నకు అవునన్నారన్నదాన్ని బట్టి అది 19 నుంచి 28 శాతం ఎక్కువ. మథనమే మరణానికి కారణమని ఇలాంటి అధ్యయనం రుజువు చేయదు. రెండింటికీ సంబంధం ఉందని మాత్రమే చెబుతుంది.

ఇది చదివితే రామదాసు నిష్ఠూరాలు ఆరోగ్యానికి చేటు అనిపించొచ్చు. 2004లో వచ్చిన తరువాయి పరిశీలన ఆ మాట సరిదిద్దింది. మొదట్లో మథనపడి రెండేళ్ల తర్వాత దాన్నుంచి బయటపడ్డవాళ్లకు అంత నష్టం కనిపించలేదు. మొదటా చివరా అదే మథనంలో చిక్కుకున్నవాళ్లకే ఆరోగ్యం, జీవన నాణ్యత దెబ్బతిన్నాయి. అంటే దేవుడితో తగువు పడటం దానంతటదే చేటు కాదు. తెగని తగువుతో చిక్కు.

తగువు తెగడానికి ఏం తోడ్పడుతుందో రామదాసు విషయంలో కొంతవరకు చూడొచ్చు. ఆయన బాధను లోపల దాచుకోలేదు. దానికి రాగం కట్టాడు, తాళం కట్టాడు, చివర తన పేరూ భద్రాద్రి పేరూ చేర్చాడు. ఒంటరి గదిలో పుట్టిన పాటలు ఊళ్లలో భజన బృందాల నోటికెక్కాయి. నూరేళ్లు దాటాక తూము నరసింహదాసు (1790–1833) భద్రాచలం చేరి, గుడి సేవలను మళ్లీ గాడిన పెట్టి, ఆ బాటలోనే కీర్తనలు రాశాడు. ఇరవయ్యో శతాబ్దంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు వాటిని కచేరీ వేదికలకూ, ఇంటింటి రేడియోకూ చేర్చింది. భద్రాచలంలో ఏటా వాగ్గేయకార ఉత్సవంలో రామదాసు నవరత్న కీర్తనలను విద్వాంసులు బృందగానం చేస్తారు.

ఆ కీర్తనలకు తేదీలు లేవు. జైల్లో మొదటి ఏడాది పాడినదేదో, పన్నెండో ఏడాది పాడినదేదో, విడుదలయ్యాక పాడినదేదో ఎవరూ తేల్చలేదు. రాముణ్ణి కడిగేసిన పాటా, ఆయన్ని తప్ప ఎవర్నీ కొలవనన్న పాటా అచ్చు పుస్తకాల్లో పక్కపక్కనే ఉంటాయి. భజనలో కూర్చున్నవాళ్లు ఆ రెండింటినీ ఒకే గొంతుతో పాడి, హారతి తీసుకుని ఇంటికి వెళ్తారు. కోపం ముందొచ్చి నమ్మకం తర్వాత కుదిరిందా, నమ్మకం ఉండబట్టే కోపం వచ్చిందా అని వాళ్లెవరూ అడగరు.